ఐర్లాండ్ పేరుకే స్వతంత్ర దేశమా? ఐరిష్ గుర్తింపు ఇంకా మిగిలి ఉందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ తమ్ముడు కార్క్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "ఐర్లాండ్ పేరుకే స్వతంత్ర దేశం. డబ్బు యూరప్‌ది, ఉద్యోగాలు అమెరికావి, మాట్లాడేది ఇంగ్లిష్. ఇక ఐరిష్ అని చెప్పుకోవడానికి ఏం మిగిలింది?" అంటున్నాడు. ఆ మిగిలింది కూడా వలస వచ్చినవాళ్ళ వల్ల పోతోందని అక్కడ గొడవలు జరుగుతున్నాయట, అందులో నిజమెంత అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను. ఐర్లాండ్ సార్వభౌమత్వం నిజమైనదే. 1922లో బ్రిటిష్ పాలన నుంచి విడిపోయి జెండా మార్చిన నాటికంటే ఇవాళే అది గట్టిగా ఉంది. ఐరిష్ గుర్తింపుకి మాత్రం ప్రమాదం ఉంది, కానీ గొడవ చేసేవాళ్ళు వేలు చూపిస్తున్న చోట కాదు. పడమటి తీరంలో ఇంకా ఐరిష్ మాట్లాడే పల్లెలున్నాయి. అక్కడ పుట్టి పెరిగిన జంటలు ఇల్లు దొరక్క ఊరు విడిచి వెళ్ళిపోతున్నారు. అసలు ప్రమాదం అది.

నేను ఉండేది గాల్వేలో. వలస వచ్చిన పెద్దవాళ్ళకి ఐర్లాండ్ చరిత్ర, రాజ్యాంగం, వాటితో పాటు కాస్త ఐరిష్ భాష నేర్పే సాయంత్రం క్లాసులు చాలా ఏళ్ళుగా తీసుకుంటున్నాను. మన తెలుగువాళ్ళు, కేరళ నర్సులు, బ్రెజిల్, పోలండ్, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు కలిసి కూర్చుంటారు. మీ తమ్ముడు అడిగిన ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

క్లాసు మొదలైన కొత్తలో అందర్నీ బయటికి తీసుకెళ్ళి ఒక పోస్టు డబ్బా చూపిస్తాను. ఇక్కడ పోస్టు డబ్బాలు ఆకుపచ్చగా ఉంటాయి. పాత డబ్బా దగ్గరికెళ్ళి చూస్తే ఇనుములోనే పోతపోసిన కిరీటం, దానితో పాటు విక్టోరియా రాణి పేరు పొడి అక్షరాలో, ఏడో ఎడ్వర్డ్ రాజువో కనిపిస్తాయి. వందేళ్ళుగా వేసిన రంగు పొరల కింద అంచులు మొద్దుబారిపోయాయి గానీ వేలితో తడిమితే ఇట్టే తెలుస్తాయి. 1922లో కొత్త ప్రభుత్వం వాటిని పీకించలేదు. ఎర్ర రంగు మీద ఆకుపచ్చ వేయించి వాడుకుంది.

రంగు మార్చడం తేలికే. డబ్బు సంగతి అలా కాదు. 1928లో ఐర్లాండ్ సొంత పౌండు తెచ్చుకుంది కానీ దాన్ని బ్రిటిష్ పౌండుకి ఒకటికి ఒకటిగా ముడేసింది. ఆ ముడి 1979 దాకా విడలేదు. వడ్డీ రేట్లు లండన్ ఎటు పోతే అటే. 1967లో బ్రిటన్ తన పౌండు విలువ తగ్గిస్తే ఐర్లాండ్ కూడా వెంటనే తగ్గించుకోవాల్సి వచ్చింది. 1920ల్లో ఈ దేశం ఎగుమతుల్లో 90 శాతానికి పైగా బ్రిటన్‌కే వెళ్ళేవి. 1970ల మొదట్లో కూడా సగానికి పైగా అక్కడికే. పొలం పట్టా మన పేరునే ఉన్నా నీళ్ళు పక్కవాడి బోరు నుంచే రావాలంటే ఏ పంట వెయ్యాలో నిర్ణయించేది ఎవరు? ఆ యాభై ఏళ్ళూ ఐర్లాండ్ పరిస్థితి అదే.

ఇంత చెప్పాక, ఆ తరం చేసింది తక్కువేం కాదని కూడా చెప్పాలి. 1937లో సొంత రాజ్యాంగం రాసుకున్నారు. 1938లో బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉన్న రేవుల్ని వెనక్కి తెచ్చుకున్నారు. అందువల్లే రెండో ప్రపంచయుద్ధంలో తటస్థంగా ఉండగలిగారు. 1949లో కామన్వెల్త్ నుంచి కూడా బయటికొచ్చి పూర్తి రిపబ్లిక్ అయ్యారు. రాజకీయంగా ఒక్కొక్క తాడూ తెంపుకుంటూ వచ్చారు. బతుకుదెరువు తాడు మాత్రం తెగలేదు. 1950ల్లో దాదాపు 4 లక్షల మంది దేశం వదిలి వెళ్ళారు, అందులో ఎక్కువ మంది ఇంగ్లండ్‌కే. 1961 నాటికి జనాభా 28 లక్షలకి పడిపోయింది. ఇదే 26 కౌంటీల్లో (ఇప్పటికీ బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్ కాకుండా) 1841లో, అంటే మహాక్షామానికి ముందు, 65 లక్షల మంది ఉండేవారు. 2022 జనగణనలో 51 లక్షలు దాటారు. ఇప్పటికీ పాత లెక్కని అందుకోలేదు. "ఐర్లాండ్ నిండిపోయింది" అని నినాదాలిచ్చేవాళ్ళకి నేను మొదట చూపించేది ఈ అంకెల్నే.

ఇక యూరప్ సంగతి. ఇప్పటి యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అని 1972లో ఓటు పెడితే 83 శాతం మంది చేరదామన్నారు. 1973 జనవరి 1న చేరారు. మీ తమ్ముడు "డబ్బు యూరప్‌ది" అన్నాడు చూడండి, అందులో సగం నిజం ఉంది. యూరో వడ్డీ రేటు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులో నిర్ణయమవుతుంది. కానీ అక్కడ కూర్చునేవాళ్ళలో ఐర్లాండ్ సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ కూడా ఒకరు. పాత రోజుల్లో లండన్‌లో నిర్ణయాలు జరిగినప్పుడు ఐర్లాండ్ వాళ్ళు గుమ్మం బయటే. ఈ తేడా పుస్తకాల్లో చిన్నగా కనిపిస్తుంది గానీ చిన్న దేశానికి ఇది చాలా పెద్దది.

ఇంకో సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. రేమండ్ క్రాటీ అని ఒక వ్యవసాయ ఆర్థికవేత్త ఉండేవాడు. యూరప్ కొత్త ఒప్పందాన్ని ప్రభుత్వం తనంతట తాను ఆమోదించేస్తుంటే ఆయన కోర్టుకెక్కాడు. సార్వభౌమాధికారం ప్రజలది, దాన్ని పంచివ్వాలంటే వాళ్ళని అడగాలి అన్నది వాదన. 1987లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అప్పటి నుంచి రాజ్యాంగాన్ని తాకే ఏ యూరప్ ఒప్పందమైనా ఇక్కడ జనం ఓటుకి రావాల్సిందే. 2001లో నీస్ ఒప్పందాన్ని, 2008లో లిస్బన్ ఒప్పందాన్ని జనం తిప్పికొట్టారు.

ఇక్కడ నా క్లాసులో ఎప్పుడూ చేతులు లేస్తాయి: "వద్దన్నాక మళ్ళీ ఓటు పెట్టారుగా, అదేం ప్రజాస్వామ్యం?" ఇది న్యాయమైన ప్రశ్నే. రెండు ఒప్పందాలకీ రెండోసారి ఓటు పెట్టి అవుననిపించారు. అప్పుడు కోపగించుకున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. అయితే రెండు ఓట్ల మధ్య ఏం జరిగిందో కూడా చూడాలి. లిస్బన్ ఒప్పందం ప్రకారం యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌లో కొన్ని దేశాలకి వంతులవారీగా కమిషనర్ ఉండకుండా పోయేవాడు. ఐర్లాండ్ వద్దనేసరికి ఆ పద్ధతి పక్కన పెట్టి దేశానికొకరు అన్న నియమాన్ని నిలబెట్టారు. తటస్థత మీద, పన్నుల మీద రాతపూర్వక హామీలిచ్చారు. ఈరోజు 27 దేశాలకీ తలా ఒక కమిషనర్ ఉన్నాడంటే అది 2008లో ఐరిష్ ఓటర్లు చెప్పిన "వద్దు" వల్లే. కోటి జనాభా కూడా లేని దేశం ఇంత పని చేయించగలిగింది.

బ్రెగ్జిట్ అప్పుడు, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వదిలి వెళ్ళినప్పుడు, ఇది ఇంకా బాగా కనపడింది. ఉత్తర ఐర్లాండ్‌కీ రిపబ్లిక్‌కీ మధ్య మళ్ళీ చెక్‌పోస్టులు రాకూడదని డబ్లిన్ పట్టుబట్టింది. మిగతా 26 దేశాలూ వెనక నిలబడ్డాయి. చరిత్రలో మొదటిసారి లండన్‌తో బేరంలో ఐర్లాండ్ బలమైన పక్షంలో కూర్చుంది. 1921లో బ్రిటన్‌తో స్వాతంత్ర్య ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే యుద్ధమే అన్న బెదిరింపు కింద సంతకాలు పెట్టిన దేశం ఇది. నాకు తెలిసిన పెద్దవాళ్ళు కొందరు ఆ రోజుల్లో టీవీ వార్తలు వదలకుండా చూసేవారు.

సార్వభౌమత్వం నిజంగా పోయిన రోజు ఒకటుంది, దాన్ని దాచకూడదు. 2008 సెప్టెంబరులో బ్యాంకుల అప్పులన్నిటికీ ప్రభుత్వం పూచీ పడింది. ఇళ్ళ ధరల బుడగ పేలింది. బ్యాంకుల్ని నిలబెట్టడానికి దాదాపు 64 బిలియన్ యూరోలు, అంటే మన లెక్కలో 6,400 కోట్లు, ఖర్చయ్యాయి. 2010 నవంబరులో యూరప్, ఐఎంఎఫ్‌లతో 8,500 కోట్ల యూరోల ప్యాకేజీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. అధికారులు బయటి నుంచి వచ్చి బడ్జెట్ లెక్కలు తనిఖీ చేశారు. ఐరిష్ వాళ్ళు దాన్ని అవమానంగానే తీసుకున్నారు. జీతాలు కోశారు, కొత్త పన్నులు వేశారు, కుర్రాళ్ళు మళ్ళీ ఆస్ట్రేలియాకీ కెనడాకీ విమానాలెక్కారు. 2013 డిసెంబరులో ఆ ప్యాకేజీ నుంచి బయటపడ్డారు. ఈ కథ నుంచి నేను తీసుకున్నది ఒకటే: చిన్న దేశం స్వేచ్ఛని ఒప్పందాల కంటే అప్పులు త్వరగా లాగేసుకుంటాయి. యూరోలో ఉన్నందువల్ల చౌకగా అప్పు దొరకడం ఆ బుడగకి ఒక కారణం, అదీ నిజమే. కానీ ఆ అప్పులిచ్చిన బ్యాంకులు ఇక్కడివే, వాటి మీద కన్నేసి ఉంచాల్సినవాళ్ళూ ఇక్కడివాళ్ళే.

అమెరికా కంపెనీల విషయంలో మీ తమ్ముడి మాటలో ఎక్కువ పస ఉంది. కార్పొరేషన్ పన్ను ఆదాయంలో పెద్ద వాటా కొద్ది కంపెనీల నుంచే వస్తోంది. 2015లో ఆ కంపెనీలు ఆస్తుల్ని లెక్కల్లో ఇటు మార్చినందుకే జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు చూపించింది. ఊళ్ళో ఎవరి బతుకూ 26 శాతం పెరగలేదు. అందుకే ఇక్కడి గణాంక శాఖ ఆ గాలి తీసేసి చూసే వేరే లెక్క తయారుచేసుకుంది. ఆపిల్ చెల్లించాల్సిన 1,300 కోట్ల యూరోల పాత పన్ను మాకొద్దని ఐర్లాండ్ ప్రభుత్వమే కోర్టులో వాదించింది. 2024లో యూరప్ కోర్టు తీసుకోవాల్సిందేనని తేల్చింది. పన్ను రేటు మా ఇష్టం అన్నది వాళ్ళ సార్వభౌమత్వ వాదన. నా అభిప్రాయంలో ఈ వాదన బలహీనమైనది. ఆసుపత్రులకీ ఇళ్ళకీ పనికొచ్చే డబ్బుని స్వేచ్ఛ పేరుతో వద్దనుకోవడం ఎవరి స్వేచ్ఛ? పెద్ద కంపెనీలకి ఇప్పుడు పన్ను 12.5 నుంచి 15 శాతానికి పెరిగింది. ఆకాశం విరిగి పడలేదు. అయినా రేపు వాషింగ్టన్‌లో చట్టం మారితే డబ్లిన్ బడ్జెట్ వణుకుతుంది. ఈ విషయంలో మీ తమ్ముడు భయపడటంలో తప్పు లేదు.

ఇప్పుడు గుర్తింపు దగ్గరికి వద్దాం.

భాషతో మొదలుపెట్టాలి. 1851 జనగణనలో దాదాపు 15 లక్షల మంది ఐరిష్ మాట్లాడేవాళ్ళుగా లెక్కకెక్కారు. అంతకు ముందు ఇంకా ఎక్కువ. క్షామంలో చనిపోయిన పది లక్షల మందిలో, ఓడలెక్కిన మరో పది లక్షల మందిలో పడమటి, దక్షిణ కౌంటీల పేదలే ఎక్కువ. వాళ్ళ భాష ఐరిష్. 1831లో వచ్చిన ప్రభుత్వ బడులు ఇంగ్లిష్‌లోనే నడిచాయి. పిల్లాడి మెడలో కర్ర ముక్క వేలాడదీసి, ఐరిష్ మాట పలికినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టేవారు. ఇందులో ఎక్కువ బాధపెట్టే విషయం, ఆ పద్ధతికి చాలాచోట్ల తల్లిదండ్రులే సహకరించారు. అమెరికాలో పని దొరకాలంటే ఇంగ్లిష్ రావాలి మరి. మన దగ్గర పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేసే తల్లిదండ్రుల మనసు తెలిసినవాళ్ళకి వాళ్ళ మనసు కూడా తెలుస్తుంది.

స్వతంత్ర ప్రభుత్వం రాగానే ఐరిష్‌ని బళ్ళో తప్పనిసరి చేసింది, రాజ్యాంగంలో మొదటి అధికార భాష అని రాసింది. ఫలితం ఏమిటి? 2022లో 18 లక్షల 74 వేల మంది మాకు ఐరిష్ వచ్చని చెప్పారు. వాళ్ళలో బాగా వచ్చు, చాలా బాగా వచ్చు అన్నవాళ్ళు సగం కూడా లేరు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు దాదాపు 72 వేలు. గేల్టాక్ట్‌లో, అంటే ప్రభుత్వం ఐరిష్ ప్రాంతంగా గుర్తించిన పల్లెల్లో, ఆ లెక్క దాదాపు 20 వేలు. నూరేళ్ళ పాఠాలు భాషని జనం తలల్లోకి ఎక్కించాయి గానీ వంటింట్లోకి తేలేకపోయాయి.

నా క్లాసుకి సాయంగా వచ్చే ఒకావిడ కనెమారా పిల్ల. గాల్వేకి పడమట ఐరిష్ మాట్లాడే పల్లెలున్న ప్రాంతం అది. తల్లి భాష ఐరిష్, భర్తదీ అదే. ఊళ్ళో ఇల్లు కోసం చాలాకాలం చూశారు. అమ్మకానికి వచ్చినవి సెలవు ఇళ్ళు కొనుక్కునే నగరం వాళ్ళు ఎగరేసుకుపోయారు. అద్దెకి దొరికింది సెప్టెంబరు నుంచి మే దాకే ఇస్తామన్నారు, వేసవిలో టూరిస్టుల దగ్గర ఎక్కువొస్తుంది కాబట్టి. సొంత స్థలంలో కట్టుకుందామంటే ప్లానింగ్ పర్మిషన్ రాలేదు. చివరికి గాల్వే శివారులో అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. పాపని పక్క వీధిలో క్రెష్‌లో వేశారు. ఒకరోజు మా ఇంటికొచ్చినప్పుడు చూశాను. తల్లి ఐరిష్‌లో అడుగుతుంటే మూడేళ్ళ పాప బిస్కెట్ నములుతూ ఇంగ్లిష్‌లో జవాబిస్తోంది. తల్లి విసుక్కోలేదు, మళ్ళీ ఐరిష్‌లోనే మాట కలిపింది. పాప మళ్ళీ ఇంగ్లిష్‌లోనే. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, ఏ చట్టమూ ఐరిష్‌ని నిషేధించలేదు. ఒక ఇల్లు దొరకలేదు, అంతే.

ఇది నా ఊహ కాదనడానికి రెండు ఉదాహరణలు చెప్తాను. వీటిని నేను ఏ క్లాసులోనూ వదలను. 1935లో ప్రభుత్వం కనెమారా నుంచి కొన్ని కుటుంబాలని తీసుకొచ్చి, దేశానికి అవతలి వైపు మీథ్ కౌంటీలో, రా కార్న్ అనే చోట పొలాలూ ఇళ్ళూ ఇచ్చింది. చుట్టూ అంతా ఇంగ్లిష్. గేల్టాక్ట్‌గా గుర్తింపు కోసం కూడా వాళ్ళు పోరాడాల్సి వచ్చింది, 1967లో గానీ రాలేదు. అయినా ఆ ఊళ్ళో ఐరిష్ నేటికీ బతికే ఉంది. ఎందుకంటే మాట్లాడేవాళ్ళకి పక్కపక్కన ఇళ్ళున్నాయి, కాళ్ళ కింద నేల ఉంది.

రెండోది ఇంకా గొప్పది. బెల్‌ఫాస్ట్‌లో, బ్రిటిష్ పాలన కింద, 1969లో కొన్ని యువ జంటలు షాస్ రోడ్డులో స్థలం చూసుకుని పక్కపక్కన ఇళ్ళు కట్టుకున్నాయి. పిల్లల్ని ఐరిష్‌లోనే పెంచుదామని ఒప్పందం. వాళ్ళెవరూ ఐరిష్ తల్లి భాషగా పుట్టినవాళ్ళు కారు, నేర్చుకున్నవాళ్ళు. 1971లో సొంతంగా బడి పెట్టుకున్నారు. అధికారులు సాయం చేయలేదు సరికదా కేసులు పెడతామన్నారు. పదమూడేళ్ళ తరవాత గానీ ప్రభుత్వ నిధులు రాలేదు. ఇవాళ ఉత్తర ఐర్లాండ్‌లో నడుస్తున్న ఐరిష్ మీడియం చదువంతా ఆ వీధి నుంచి పాకిందే. సార్వభౌమత్వం ఉన్నచోట భాష జారిపోయింది, లేనిచోట కొందరు పట్టుదలతో నిలబెట్టారు. కాబట్టి సార్వభౌమత్వం, గుర్తింపు రెండూ ఒకటి కావు. మొదటిది ఉంటే రెండోది దానంతటదే నిలబడదు. రాజ్యం చేతిలో ఉన్నవి మాత్రం ఉన్నాయి: ఇళ్ళు, ప్లానింగ్, రేడియో, ఉద్యోగాలు.

రేడియో అంటే గుర్తొచ్చింది. 1970లో కనెమారా కుర్రాళ్ళు దొంగ రేడియో స్టేషన్ పెట్టి ఐరిష్‌లో ప్రసారం చేశారు. ఆ దెబ్బకి 1972లో ప్రభుత్వం రేడియో నా గేల్టాక్టా మొదలుపెట్టింది. 1996లో టీవీ ఛానెల్ కూడా వచ్చింది. 2022 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఐరిష్ పూర్తి స్థాయి అధికార భాష. బ్రస్సెల్స్‌లో ఐరిష్ వచ్చినవాళ్ళకి అనువాదకులుగా, న్యాయ నిపుణులుగా ఉద్యోగాలున్నాయి. నా దగ్గర కూర్చున్న ఒకతను ఈ దారిలోనే వెళ్ళాడు. యూరప్ ఐరిష్ గుర్తింపుని మింగేస్తోందనేవాళ్ళకి ఇది చెప్తాను. 2025లో అధ్యక్షురాలిగా గెలిచిన కేథరిన్ కొన్నెలీ మా గాల్వే మనిషే. పెద్దయ్యాక పట్టుబట్టి ఐరిష్ మీద పట్టు తెచ్చుకున్నారు. ఆవిడ మాట్లాడుతుంటే పట్నం కుర్రాళ్ళకి కూడా మాకూ వస్తే బాగుండు అనిపిస్తోంది.

అయితే ఐరిష్ గుర్తింపు అంటే భాష ఒక్కటే కాదు. ఇక్కడి జనాన్ని కట్టిపడేసే అసలు తాడు జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్). 1884లో థర్ల్స్ ఊళ్ళో మొదలైన ఆటల సంఘం. కర్రతో బంతిని కొట్టే హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ దాని ఆటలు. ప్రతి చర్చి పరిధికీ దాదాపు ఒక క్లబ్బు. జాతీయ స్థాయిలో 80 వేల మంది ముందు ఆడే ఆటగాడు కూడా జీతం తీసుకోడు, సోమవారం బళ్ళో పాఠం చెప్పడానికో, పాలు పితకడానికో వెళ్తాడు.

మా పేటలో శనివారం పొద్దున పిల్లల ప్రాక్టీసు చూడాలి. వాన సన్నగా పడుతూనే ఉంటుంది, ఎవరూ ఆపరు. యాష్ అనే చెట్టు చెక్కతో చేసిన కమాన్ అనే కర్ర, వెడల్పు చివర చీలిపోకుండా రేకు పట్టీ. హెల్మెట్ లేనిదే లోపలికి రానివ్వరు. వరంగల్ నుంచి వచ్చిన ఒక నర్సమ్మ కొడుకు, నైజీరియా కుటుంబం పిల్లలు, పక్క ఫారం రైతు మనవడు ఒకే జట్టు. కోచ్ "మాహూ!" అని అరుస్తాడు, శభాష్ అని. నర్సమ్మ గొడుగు కింద నిలబడి మా వాడు ఎడమ చేత్తో కొడుతున్నాడేంటని టెన్షన్ పడుతుంటుంది. ఆ పిల్లాడికి కౌంటీ జట్టు ఆటగాళ్ళ పేర్లన్నీ నోటికొచ్చు.

ఈ జీఏఏ కూడా ఒకప్పుడు తలుపులు మూసుకుంది. ఇంగ్లిష్ వాళ్ళ ఆటలు ఆడినా, చూసినా సభ్యత్వం పోయేది. డగ్లస్ హైడ్ సంగతే చూడండి. ఐరిష్ భాషా ఉద్యమాన్ని 1893లో మొదలుపెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు, దేశానికి మొదటి అధ్యక్షుడు, ప్రొటెస్టెంట్ పాస్టర్ కొడుకు. అధ్యక్షుడి హోదాలో 1938లో ఒక సాకర్ మ్యాచ్‌కి వెళ్ళినందుకు ఆయన్ని కూడా సంఘం పోషకుడి స్థానం నుంచి తీసేశారు. భాషని బతికించిన మనిషినే ఐరిష్‌తనం చాలలేదన్నారు! ఆ నిషేధాన్ని 1971లో ఎత్తేశారు. 1920లో బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మందిని చంపిన క్రోక్ పార్క్ మైదానంలో 2007లో ఇంగ్లండ్ రగ్బీ జట్టుకి ఆతిథ్యం ఇచ్చారు. ఇంగ్లండ్ జాతీయగీతం వినిపిస్తుంటే స్టేడియం మొత్తం మర్యాదగా నిలబడింది. ఆ తరవాత 43-13తో గెలిచారు కూడా. తన మీద తనకి నమ్మకం కుదిరిన గుర్తింపు అలా ఉంటుంది.

మతం కూడా అంతే. ఒకప్పుడు ఐరిష్ అంటే కాథలిక్ అనే లెక్క. 1995లో విడాకులు, 2015లో స్వలింగ వివాహాలు, 2018లో గర్భస్రావ హక్కు, మూడూ రెఫరెండంలో జనమే ఓటేసి తెచ్చుకున్నారు. బయటి నుంచి ఎవరూ రుద్దలేదు.

ఇప్పుడు వలస గొడవ. 2022 లెక్కల ప్రకారం దేశంలో ఐదుగురిలో ఒకరు బయట పుట్టినవాళ్ళు. ఇంత తక్కువ కాలంలో ఇంత మార్పు ఏ దేశానికైనా కష్టమే. అద్దెలు మోయలేనంతగా ఉన్నాయి, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకదు. స్థానికుల చిరాకు అబద్ధం కాదు. దాన్ని కొట్టిపారేస్తే మనమే నష్టపోతాం. కానీ 2023 నవంబరు 23న డబ్లిన్‌లో ఏం జరిగిందో చూడండి. ఒక బడి బయట చిన్న పిల్లల మీద కత్తి దాడి జరిగింది. ఆ బడి ఐరిష్ మీడియం బడి. దాడి చేసినవాణ్ణి హెల్మెట్‌తో కొట్టి పడేసింది బ్రెజిల్ నుంచి వచ్చి డెలివరీ పని చేసుకుంటున్న మనిషి. ఆ రాత్రి ఐర్లాండ్‌ని కాపాడుతున్నామంటూ వచ్చిన గుంపు బస్సులూ ట్రామూ తగలబెట్టింది, 1916లో స్వాతంత్ర్య ప్రకటన చదివిన జీపీఓకి కూతవేటు దూరంలో. 2025 వేసవిలో మన భారతీయుల మీద దాడులు జరిగాయి, రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది. నా క్లాసుకి వచ్చే ఆడవాళ్ళు కొందరు చీకటి పడ్డాక బస్సెక్కడం మానేశారు. ఇది గుర్తింపుని కాపాడటం కాదు. కనెమారాలో ఒక్క ఇల్లు కూడా ఆ గుంపు వల్ల ఐరిష్ కుటుంబానికి దక్కలేదు.

మనకీ ఈ దేశానికీ ఉన్న పాత బంధం కూడా మీ తమ్ముడికి చెప్పండి. మన రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు బరంపురం తెలుగు కుటుంబం బిడ్డ. 1913 నుంచి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. అక్కడి తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయని 1916లో దేశం వదిలి వెళ్ళమన్నారు. మన రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాలు ఐర్లాండ్ రాజ్యాంగం నుంచి తీసుకున్నవే. వాళ్ళ స్వాతంత్ర్యాన్ని మనవాడొకడు సొంతదిగా తీసుకున్నప్పుడు ఎవరూ నువ్వు బయటివాడివి అనలేదు.

ఉత్తర ఐర్లాండ్ గురించి ఒక్క మాట. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో రిపబ్లిక్ తన రాజ్యాంగంలోంచి ఉత్తరం మాదే అన్న హక్కు ప్రకటనని మార్చుకుంది, 94 శాతం మంది ఒప్పుకున్నారు. అక్కడ పుట్టినవాళ్ళు ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. ఎప్పటికైనా ఏకమవ్వాలంటే రెండు వైపులా జనం ఓటెయ్యాలి. అప్పుడు జెండా, గీతం, ఆసుపత్రుల ఖర్చు అన్నీ మళ్ళీ మాట్లాడుకోవాలి. ఆ చర్చ ఇప్పుడిప్పుడే గట్టిగా మొదలవుతోంది.

మీ తమ్ముడు చేయాల్సింది కూడా ఉంది. ఇక్కడ నివాసం ఉంటున్న 18 ఏళ్ళు దాటిన ఎవరైనా, ఏ దేశ పౌరులైనా, స్థానిక ఎన్నికల్లో ఓటెయ్యచ్చు. మనవాళ్ళలో చాలామంది ఈ సంగతి తెలియక పేరు నమోదు చేసుకోరు. ఇళ్ళ ప్రణాళికలు ఓటేసి ఆమోదించేది కౌన్సిలర్లే, కాబట్టి ఆ ఓటుకి విలువ ఉంది. రెఫరెండంలో ఓటెయ్యాలంటే మాత్రం పౌరసత్వం కావాలి, మామూలుగా ఐదేళ్ళ నివాసం చూపించాలి. భారత పౌరసత్వం వదులుకోవాలి కాబట్టి అది ఇంట్లో అందరితో కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయం. తొందరపడొద్దని నేనైతే చెప్తాను. పిల్లలుంటే అందాకా దగ్గర్లోని జీఏఏ క్లబ్బులో చేర్పించమనండి. కార్క్ హర్లింగ్‌కి పెట్టింది పేరు. మొదటి కర్ర క్లబ్బువాళ్ళే అరువిస్తారు సాధారణంగా, హెల్మెట్ కొనుక్కుంటే చాలు.